ఎర్ర రంగు డబ్బా

ఖే తూమ్ పల్లె,
పన్నెండో నెల, పదో నాడు.

థావ్ నాన్నగారికి,

మీ లువా రాస్తున్నది. ఇక్కడ అత్తయ్య, మన అమ్మాయి థావ్, నేను, కొట్టంలో రెండు పందులు, మీరు పేరు పెట్టి వెళ్ళిన ఆ కుంటి పుంజు, అందరమూ క్షేమంగా ఉన్నాము. అక్కడ మీరూ క్షేమమనీ, ఫ్యాక్టరీలో ఆ చెక్క పొట్టుకి మీ దగ్గు తిరగబెట్టలేదనీ తలుస్తాను.

ఈ ఉత్తరాన్నీ, దీనితో పాటు ఒక సంచీనీ బస్సు డ్రైవరు దిన్ చేతికి ఇస్తున్నాను. సంచీలో ఎండుమిరపకాయలు, చేపల ఊట ఒక సీసా, నువ్వుల అచ్చులు ఉన్నాయి. క్రితంసారి సీసా దారిలో కారి బస్సంతా కంపు కొట్టిందని దిన్ నన్ను నాలుగు మాటలు అన్నాడు. ఈసారి మూతకి మైనం పూసి పంపుతున్నాను. సంచీ అడుగున గుడ్డలో చుట్టి ఒక చిన్న డబ్బా ఉంటుంది. దాని సంగతి చివర్లో రాస్తాను, అందాకా విప్పకండి. విప్పేస్తారని తెలుసు, అయినా చెప్పడం నా వంతు.

ఫోను ఉండగా ఇంత ఉత్తరం ఏమిటని మీ గదిలో వాళ్ళు నవ్వుతారేమో. పదిమంది వింటూ ఉండగా ఇంటి మాటలు మాట్లాడలేనని ఉత్తరాలు మొదలుపెట్టింది మీరే. ఇప్పుడు నాకూ ఇదే నయమనిపిస్తోంది. ఫోనులో మీ మాటల ముందు నేను ఎప్పుడూ నిలబడలేదు. రెండు నిమిషాల్లో తప్పు నాదేనని ఒప్పుకొని పెట్టేస్తాను. గత రెండు ఆదివారాలు నాకు గొంతు పట్టేసిందని థావ్ చేత చెప్పించాను కదా, నా గొంతు బాగానే ఉంది.

మీరు అడిగినవి ఒక్కొక్కటే చెబుతాను. అత్తయ్య మోకాలు ఈ చలికి మళ్ళీ వాచింది. అల్లం నానబెట్టిన సారాతో రోజూ మర్దనా చేస్తున్నాను. కాలికి రాసేదాంట్లో సగం ఆవిడ గొంతులోకే పోతోందని నాకు అనుమానం, కానీ అడగను. వంటింటి రేకులు మొన్నటి గాలివానకి లేచిపోతే పక్కింటి లాయ్ కొడుకు ఎక్కి మేకులు కొట్టి వెళ్ళాడు. థావ్ లెక్కల్లో తరగతిలో ముందుంది. చేతిరాత మాత్రం మీదే, కోడి కెలికినట్టు ఉంటుంది. పై చదువుకి దోంగ్ హా వెళ్తానంటోంది. వెళ్ళమన్నాను.

మీరు ఇసుక కాగితంతో నునుపు పట్టే కుర్చీల గురించి రాసింది అత్తయ్యకి రెండుసార్లు చదివి వినిపించాను. అవి ఓడలెక్కి ఏ దేశాలో వెళ్తాయని, ఎవరి తోటల్లోనో ఎండలో ఉంటాయని, ప్రతి కుర్చీ అడుగున ‘పదేళ్ళ కలప’ అని చిన్న ముద్ర కాల్చి వేస్తారని రాశారు. ‘మన కొండ మీది కలప కూడా ఒకనాడు నా చేతికే వస్తుంది, అప్పుడు ఆ కుర్చీని రెండు పూటలు నునుపు పడతాను’ అని కూడా రాశారు. అది వినగానే అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. నేను కూడా తుడుచుకున్నాను. ఇప్పుడు ఆ వాక్యం గుర్తొస్తే ఒళ్ళు మండుతోంది.

చెట్లు ఎలా ఉన్నాయని అడిగారు. చెబుతాను. మీకు తెలిసినవే మళ్ళీ రాస్తున్నాననుకోకండి. మీరు మరిచిపోయినట్టున్నారు కనుక రాస్తున్నాను.

మన అకేషియా చెట్ల సంఘంలో అందరమూ ఒక్క మాట మీద నిలబడ్డాం. పదేళ్ళు నిండేదాకా ఎవరూ గొడ్డలి పెట్టకూడదు. అయిదేళ్ళకే కోసేస్తే అది చేవలేని లేత కర్ర, తునకల మిల్లుకి పోయి కాగితమైపోతుంది. పదేళ్ళు ఆగితే కలపవుతుంది, కుర్చీ అవుతుంది, ముద్ర పడుతుంది. మధ్యలో ఒక్క ఇల్లు తప్పి, దాన్ని మిగతావాళ్ళు దాచినట్టు తేలితే అందరి చెట్లకీ ముద్ర పోతుంది. మూడేళ్ళ క్రితం స్వాన్ బాబాయ్ తన భార్య ఆసుపత్రిలో ఉండగా అయిదేళ్ళ చెట్లు కోసి తునకలకి అమ్మాడు. సంఘం పెద్దని నేనే కదా, లేచి నిలబడి ఆయన్ని నానా మాటలూ అన్నాను. ఇల్లు కాలుతుంటే ఒకరు నీళ్ళ కోసం పరిగెడతారు, ఒకరు పొరుగింటి బావి అమ్ముకుంటారు అన్నాను. ఆయన పేరు కొట్టేయించాను. అప్పుడు మీరు నా పక్కనే కూర్చుని తల ఊపారు. ఆనాటి నుంచీ ఆయన సంఘం ఇంటి గుమ్మం బయటే చెప్పులు విడిచి కూర్చుని మా మాటలు వింటాడు, లోపలికి రాడు. నేనూ ఎప్పుడూ పిలవలేదు.

ఇక ఎర్ర చుక్కల సంగతి. ముద్ర ఇచ్చే తనిఖీవాళ్ళు ఏటా కొన్ని కొండలు ఎంచుకుని, కొలిచిన చెట్టు మొదట్లో చీలమండ ఎత్తున ఎర్ర రంగు చుక్క పెట్టి వెళ్తారు, మళ్ళీ వచ్చినప్పుడు అదే చెట్టుని కొలవడానికి. దళారులు నిలబడ్డ చెట్లు కొంటే కత్తితో బెరడు చెక్కుతారు. చెక్కిన బెరడు ఒక్క చెట్టు మీద కనబడినా సాయంత్రానికి ఊరంతా తెలిసిపోతుంది. ఈ తేడా ఇక్కడ పలక పట్టిన పిల్లకి కూడా తెలుసు.

మీరు ఫ్యాక్టరీ పనికి బిన్ జువోంగ్ వెళ్ళే ముందు నేను మా అమ్మ తద్దినానికి పుట్టింటికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి మన కొండ మీద ప్రతి చెట్టుకీ ఎర్ర చుక్క ఉంది. తనిఖీవాళ్ళు హఠాత్తుగా వచ్చారనీ, పెద్దగారి చెట్లు కనుక మొత్తం ఎంచుకున్నారనీ, పదో ఏడు నిండాక వచ్చి కొలుస్తారనీ చెప్పారు మీరు. సంఘం పెద్ద నేను, నేను లేకుండా తనిఖీ ఎలా జరిగిందని అడగాల్సింది. అడగలేదు. మొగుడి మాట మీద ఎవరు తనిఖీ చేస్తారు? పైగా గర్వపడ్డాను. ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాను. మీరు డబ్బా, బ్రష్షు నా చేతికిచ్చి, వానలకి రంగు వెలిసిపోతుంది, ఏటా కొత్త సంవత్సరం టెట్ పండగ ముందు మళ్ళీ వేస్తూ ఉండు, గుర్తు చెరిగిపోతే సంఘానికే మాట వస్తుంది అన్నారు. సంఘం పేరెత్తితే నేను కాదననని మీకు బాగా తెలుసు.

అదే పని చేశాను. తడి గడ్డిలో జలగలు పట్టుకుంటుంటే వంగి, కూర్చుని, పాకి, ప్రతి చెట్టు మొదట్లో రంగు వేశాను. నడుం పట్టేస్తే అత్తయ్య ఆ అల్లం సారా నా నడుముకి కూడా రాసింది.

ఈ నెల మొదటి వారంలో, సన్నటి తుంపర పడుతుంటే, దళారి వోంగ్ రెండు లారీలు, మోటారు రంపాలు పట్టుకున్న మనుషులు వెంట రాగా మన వాకిట్లోకి వచ్చాడు. నేను పందులకి తవుడు కలుపుతున్నాను.

“టీ పెట్టొద్దులే అక్కా. వాన ముదరకముందే పని మొదలెట్టేస్తాం” అన్నాడు.

ఏం పని అన్నాను. నేనేదో వేళాకోళం ఆడుతున్నాననుకుని నవ్వాడు. నా ముఖం చూశాక నవ్వు ఆపాడు.

“అన్నయ్య చెప్పలేదా? కొత్త సంవత్సరంలో కొట్టుకోమన్నాడు గానీ, పండక్కి ముందు మిల్లోళ్ళు మంచి రేటిస్తన్నారు. అందుకే కాస్త ముందొచ్చాం.”

అవి సంఘం చెట్లనీ, తనిఖీ గుర్తులున్నాయనీ గట్టిగా చెప్పాను. కావాలంటే వచ్చి చూడమన్నాను. కొండెక్కి చూపించాను కూడా. వోంగ్ మొదటి చెట్టు దగ్గర గొంతుక్కూర్చుని చుక్క మీద బొటనవేలు పెట్టాడు.

“ఈ గుర్తులు మావే కదక్కా. మేమైతే కత్తితో చెక్కేసేవాళ్ళం. రంగెయ్యమన్నది అన్నయ్యే. మీ కంటపడితే గొడవవుద్దన్నాడు. డబ్బా, బ్రష్షూ ఆయనే కొనుక్కొచ్చాడు.” ఆ పైన మెచ్చుకోలుగా అన్నాడు. “ఎవరేశారో గానీ బాగా చూసుకున్నారు. నిన్న మొన్న ఏసినట్టుంది. మాకు ఒక్క చెట్టు కూడా ఎతుక్కోవాల్సిన పన్లేదు.”

థావ్ నాన్నగారూ, ఆ మనిషి మంచివాడే. నిజంగానే మెచ్చుకున్నాడు. 

అప్పుడు అడిగాను, అమ్మిన సొమ్ము ఏమైందని. తన బావమరిదికే చేరిందన్నాడు, ఫ్యాక్టరీలో ఉద్యోగాలు ఇప్పించేది ఆయనేనట. మీ చేతి పని చూసి ఫ్యాక్టరీవాళ్ళే కబురు పెట్టారని మీరు చెబితే, నేను దాన్ని పెళ్ళిళ్ళలో, తద్దినాల్లో, సంతలో ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. మా ఆయన చెయ్యి పడితే కర్ర పట్టులా అవుతుందని చెప్పుకున్నాను. విన్నవాళ్ళలో ఎంతమందికి నిజం తెలుసో, ఎంతమంది నా ముందు పళ్ళు బిగపట్టి నవ్వు ఆపుకున్నారో ఇప్పుడు ఆలోచిస్తుంటే తల ఎత్తుకోలేకపోతున్నాను.

ఆపించి ఉండవచ్చు కదా అంటారేమో. ఎవరి మాట మీద ఆపించను? అమ్మింది మన ఇల్లు, పుచ్చుకున్నది మన ఇల్లు. కొయ్యమన్నాను. కోస్తున్నంతసేపూ తుంపరలో నిలబడి చూశాను. చెట్లు తొమ్మిదేళ్ళవి. ఇంకొక్క ఏడు. నరికిన చోట మధ్యలో ముదురు గోధుమ రంగు చేవ గుండ్రంగా తేలి కనిపిస్తోంది. రంపం పట్టినవాళ్ళలో ఒకడు దుంగ మీద చెయ్యి వేసి, ఇంత చేవ తేలినదాన్ని తునకలకి తోలడమేంటని తనలో తనే అనుకున్నాడు. దాన్ని కూడా మూరెడు మూరెడు ముక్కలు చేసి లేత కర్రతో పాటే లారీలోకి విసిరేశారు.

నాకు చెట్ల మీద ఉన్న బాధ ఒక్కటే అయితే ఈ ఉత్తరం ఇంత పొడుగు రాయను. గాలివానకి చెట్లు పోతాయి, తెగులుకి పోతాయి, కొండల్లో పుట్టినదాన్ని, ఏడ్చి ఊరుకుంటాను. ఆ చెట్లకి పదేళ్ళు నిండగానే రోడ్డు పక్క వేరుశెనగ చేలో సామిల్లు పెడదామని, ఇంక ఏ ఊరికీ కూలికి వెళ్ళనని, ఊరి కలప ఊళ్ళోనే కోద్దామని నాతో అన్నది మీరు. రంపం ఏ వైపు, పొట్టు పోసే గుంట ఏ వైపు అని కాలి బొటనవేలితో నేల మీద గీసి చూపించారు. రెండేళ్ళుగా నేను ఆ చేలో వేరుశెనగ వేస్తూ, ఆ గీత దగ్గరికి వచ్చేసరికి పక్కకి తప్పుకుని నడుస్తున్నాను. నాకు ఆ చెట్లంటే మీరు తిరిగి రావడం. బస్సు ఎక్కకముందే మీరు దాన్ని అమ్మేసుకున్నారు. అమ్మేసి, నా చేత కాపలా కాయించారు.

బయటివాళ్ళెవరో మోసం చేస్తే దొంగలని తిట్టుకునేదాన్ని. దొంగ కూడా దొంగతనానికి నా చేత రంగు వేయించడు.

ఇంతవరకూ రాసింది జరిగిన విషయం. ఇక రాయబోయేది చెప్పాలా వద్దా అని మూడు రోజులు వెనకాడాను.

లారీలు వెళ్ళిన మర్నాడు సంఘాన్ని పిలిచాను. పిలిచినప్పుడు కూడా మిమ్మల్ని కాపాడాలనే నా ఆలోచన. గాలివానకి విరిగిపోయిన చెట్లు నరుక్కుంటే సంఘం తప్పు పట్టదు, అది నియమంలోనే ఉంది. మొన్నటి గాలివానకి అందరి కొండల మీదా కొన్ని చెట్లు పడ్డాయి. మావన్నీ పడిపోయాయని చెబుదామనుకున్నాను. మోడులు ఇంత నున్నగా ఉన్నాయేమని ఎవరన్నా అడిగితే, విరిగినవాటిని కింద నుంచి కోయించానని అందామనుకున్నాను. రాత్రంతా మేలుకుని ఆ మాటలు వల్లె వేసుకున్నాను. మీ పేరు చెడకూడదని, అత్తయ్య సంతకి వెళ్తే తల ఎత్తుకుని నడవాలని. ఇంత జరిగాక కూడా.

లేచి నిలబడ్డాను. “గాలి” అన్నాను. ఆ ఒక్క మాటే వచ్చింది. గుమ్మం బయట స్వాన్ బాబాయ్ మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కూర్చుని నా వైపే చూస్తున్నాడు. ఆయన భార్య పోయి రెండేళ్ళు. ఆవిడ మందుల కోసం చెట్లు కోశానని ఆయన ఆ రోజు దాచకుండా అందరి ముందూ చెప్పాడు. నేను విని కూడా పేరు కొట్టేయించాను. ఇప్పుడు అదే చోట నిలబడి, నియమం నా ఇంటికి వచ్చేసరికి గాలి మీదకి తోసేయబోయాను. మీరు నాకు చేసినదే నేను వాళ్ళకి చేయబోయాను. 

చెప్పేశాను. అమ్మింది మా ఆయన, రంగు వేసింది నేను, నిన్నటి దాకా నాకు తెలియదు, తెలియకపోవడం కూడా పెద్దకి తప్పే అన్నాను. మన ఇంటి పేరు కొట్టేయమన్నాను.  తర్వాత లాయ్ తన ధోరణిలో తను అంది, “ఇన్నాళ్ళూ మాకు నీతులు చెప్పావు కదే లువా, ఇంట్లో వాడికి ఓ ముక్క చెప్పుకోలేకపోయావా?”  ఆవిడే మళ్ళీ లేచి నా పక్కకి వచ్చి కూర్చుంది. మన పేరు కొట్టేశారు, పెద్దరికం ఇప్పుడు ఆవిడదే. దిగిపోయే ముందు నేను అడిగిన ఆఖరి కోరిక స్వాన్ బాబాయ్ పేరు తిరిగి రాయమని. రాశారు. లోపలికి రమ్మంటే ఆయన రాలేదు.

“అలవాటైపోయిందమ్మాయ్, ఇక్కడే గాలి బాగా తగుల్తది” అన్నాడు. నన్ను ఎత్తిపొడిచాడో, నిజంగానే అన్నాడో తెలియదు. ఏదైనా నాకు తగినదే.

అత్తయ్యకి నేనే చెప్పాను, బయట వినకముందే. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మోకాలు నిమురుకుంటూ, “చిన్నప్పుడూ అంతే వాడు. మాడింది అడుగున పెట్టి, పైన తెల్లన్నం పరిచి నాకిచ్చేవాడు” అంది. ఆ తర్వాత లేచి నాకు అన్నం పెట్టింది. మన పెళ్ళైనప్పటి నుంచీ ఆవిడ నాకు వడ్డించడం అదే మొదలు.

మీరు వెంటనే ఫోను చేస్తారు. కారణాలు చెబుతారు. ఇంటి కోసమే చేశానంటారు, థావ్ చదువు కోసమంటారు, తర్వాత చెబుదామనుకున్నానంటారు. అన్నీ నిజమే అయి ఉండవచ్చు. ఉద్యోగం కొనుక్కోవాలి, చెట్లు అమ్ముదాం అని నాతో అని ఉంటే నేను పోట్లాడేదాన్ని, రెండు రోజులు అన్నం మానేసేదాన్ని, మూడో రోజు సరేనని మీతో పాటు వచ్చి సంఘంలో తల దించుకునేదాన్ని. అది మీకు తెలుసు. తెలిసి కూడా డబ్బా కొన్నారు. అందుకే ఫోను ఎత్తను.

ఈ ఇరవై మూడో నాడు వంటింటి దేవుడు ఇంటి సంగతులన్నీ విన్నవించడానికి పైకి వెళ్తాడు. ఈ ఏడాది ఆయనకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, పొయ్యి దగ్గరే కూర్చుని అంతా విన్నాడు. టెట్‌కి రావద్దని నేను అనను. ఇల్లు మీది, తల్లి మీది, పిల్ల మీది. వస్తే మాత్రం బస్సు దిగి నేరుగా ఇంటికి రాకండి. సంఘం ఇంటికి వెళ్ళి, స్వాన్ బాబాయ్ పక్కన గుమ్మంలో కూర్చుని, అందరి ముందూ మీ నోటితో మీరు చెప్పండి. నేను మీ తరఫున చెప్పింది చాలు. చెప్పాక ఇంటికి వస్తే మీ గిన్నె పీట ముందు ఉంటుంది. చెప్పకుండా వచ్చినా గిన్నె ఉంటుంది, వడ్డించేది మాత్రం అత్తయ్య.

కొండ బోడిగా ఉంది. పండగ వెళ్ళాక మొక్కలు నాటతాను. లాయ్ కొడుకు గుంటలు తీస్తానన్నాడు. సంఘంలో చేర్చుకుంటారో లేదో తెలియదు, చేర్చుకోకపోయినా పదేళ్ళు ఆగుతాను. వేరుశెనగ చేలో మీరు గీసిన చోట ఈసారి విత్తనం వేసేశాను. ఇక పక్కకి తప్పుకుని నడవనక్కర్లేదు.

మీ ఉత్తరంలోని ప్రశ్నల్లో ఒక్కటే మిగిలింది. ‘పండగ ముందు చెట్లకి రంగు మళ్ళీ వేశావా?’ అని చివర్లో అడిగారు. వేశానండీ. మీ ఉత్తరం అందిన మర్నాడే కొండెక్కి, ఒక్క చెట్టు కూడా వదలకుండా వేశాను. వోంగ్ వచ్చేనాటికి అది సరిగ్గా ఆరలేదు కూడా, ఆయన బొటనవేలికి అంటుకుంది.

డబ్బాలో కొంచెం మిగిలింది. సంచీ అడుగున ఉన్నది అదే. మూత గట్టిగా బిగించాను, మిరపకాయలకి అంటదు. ఇక్కడ గుర్తు పెట్టడానికి ఇంకేమీ లేదు.

ఇట్లు,
థావ్ వాళ్ళమ్మ,
లువా